పిల్లల పళ్లు పుచ్చడానికి బ్యాక్టీరియానే కారణమైతే, దాన్ని చంపేస్తే సరిపోదా?

అమ్మా, మీ ప్రశ్న పూర్తిగా చదివాను. బాబుకు మూడో ఏడు నడుస్తోంది, పైన ముందు పళ్లు నాలుగూ గోధుమరంగుకు తిరిగి అంచులు పెళ్లలుగా రాలుతున్నాయి, కింద ముందు పళ్లు మాత్రం తెల్లగా బాగానే ఉన్నాయి. తిరుపతిలో చూపిస్తే నోట్లో బ్యాక్టీరియా వల్ల అన్నారు. యాంటీబయాటిక్ సిరప్పో మౌత్‌వాషో వాడి ఆ బ్యాక్టీరియాను చంపేయలేమా, నేను తిన్న స్పూన్‌తోనే తినిపించడం వల్ల నా నుంచి అంటుకుందా, అత్తమ్మ అన్నట్టు పాలపళ్లే కదా ఊడిపోయేవే కదా అని వదిలేయొచ్చా, కడుపులో ఉన్న రెండో బిడ్డకైనా రాకుండా ఏం చేయాలి, ఇవీ మీ సందేహాలు. రాత్రి పాలసీసా నోట్లో లేనిదే పడుకోడని కూడా మధ్యలో ఒక్క మాట రాసి వదిలేశారు. చాలా ఏళ్లుగా ఈ ఊళ్లో పిల్లల పళ్లు చూస్తున్న నాకు అన్నిటికంటే ముందు కనబడింది ఆ మాటే.

సూటిగా చెప్పేస్తాను. నోట్లో బ్యాక్టీరియాను లేకుండా చేయడం ఎవరి తరమూ కాదు, ఆ అవసరమూ లేదు. అవి లేకుండా పన్ను పుచ్చదు, అది నిజం. కానీ అవి ఉన్నంత మాత్రాన పుచ్చదు. ఏ రకం బ్యాక్టీరియా పెత్తనం చేయాలో మనం పెట్టే తిండి, అంతకంటే ఎక్కువగా ఎన్నిసార్లు పెడతామన్నది తేలుస్తుంది. మనం మేపడం మానేస్తే వాటి జోరు దానంతటదే తగ్గుతుంది.

ఇదేం కొత్త సంగతి కాదు. బెర్లిన్‌లో పనిచేసిన మిల్లర్ అనే అమెరికన్ డెంటిస్టు 1890లోనే పుస్తకం రాసి అచ్చు వేశాడు. పీకేసిన పళ్లను లాలాజలంలో వేసి, అందులో రొట్టె కలిపి వెచ్చగా ఉంచితే పళ్లు మెత్తబడ్డాయి. రొట్టె బదులు కొవ్వు, మాంసం వేస్తే ఏమీ కాలేదు. లాలాజలాన్ని ముందే మరిగించినా ఏమీ కాలేదు. అంటే లాలాజలంలో బతికున్న క్రిములూ కావాలి, వాటికి పిండిపదార్థమూ కావాలి, రెండూ కలిస్తేనే పన్ను కరుగుతుంది. తర్వాత 1954లో అమెరికాలో ఆర్లాండ్ బృందం పుట్టినప్పటి నుంచి ఒక్క క్రిమి కూడా సోకకుండా ఎలుకలను పెంచి, వాటికి చక్కెర దట్టించిన మేత పెట్టింది. వాటి పళ్లు పుచ్చలేదు. అదే మేత తిన్న మామూలు ఎలుకల పళ్లు పుచ్చాయి. మన పిల్లలను గాజుపెట్టెలో పెంచలేం కాబట్టి, మన చేతిలో మిగిలింది ఆ రెండో సగమే, తిండి.

ఇప్పుడు అసలు లోపల ఏం జరుగుతుందో చూడండి. పొద్దున లేవగానే పన్ను మీద గోటితో గీస్తే తెల్లగా జిగురుగా వస్తుందే, ఆ పాచి అంతా బ్యాక్టీరియా గుంపే. మనుషుల నోళ్లలో ఇప్పటిదాకా గుర్తించిన రకాలు 700 దాకా ఉన్నాయి, ఎక్కువ భాగం ఏ హానీ చేయనివి, కొన్నయితే ఆమ్లాన్ని విరిచి మేలు కూడా చేస్తాయి. పాలు తోడుకుని పెరుగైనట్టే పాచిలో కూడా కొన్ని బ్యాక్టీరియా చక్కెరను తిని లాక్టిక్ ఆమ్లం వదులుతాయి, పెరుగు పులుపుకు కారణమూ ఆ ఆమ్లమే. పీహెచ్ అంటే పులుపు కొలత, అది ఎంత తగ్గితే అంత పులుపు. పాచి పీహెచ్ సుమారు 5.5 కంటే కిందికి దిగిందంటే పన్ను పైపొర ఎనామిల్ నుంచి క్యాల్షియం, ఫాస్ఫేట్ కరగడం మొదలవుతుంది. 1940లలో స్టీఫన్ అనే శాస్త్రవేత్త దీన్ని కొలిచి చూపించాడు. తీపి నోట్లో పడ్డ కొన్ని నిమిషాలకే పీహెచ్ దబ్బున పడిపోతుంది, మళ్లీ మామూలు కావడానికి అరగంట నుంచి గంట పడుతుంది. ఆ తిరిగి లేచే సమయంలో లాలాజలం పోయిన క్యాల్షియాన్ని మళ్లీ పన్నులోకి చేరుస్తుంది. రోజుకు నాలుగైదుసార్లు ఈ పడటం లేవడం జరిగితే పన్ను తట్టుకుంటుంది. గంటకోసారి బిస్కెట్టో, చాక్లెట్టో, గుటకెడు జ్యూసో పడుతుంటే లేచే తీరిక దానికి ఉండదు.

ఇక మీరు నెట్‌లో చదివానన్న స్ట్రెప్టోకాకస్ మ్యుటాన్స్ అనే బ్యాక్టీరియా సంగతి. లండన్‌లో క్లార్క్ అనే ఆయన 1924లో పుచ్చిన పళ్లలో దీన్ని గుర్తించాడు. దీని తెలివి ఏమిటంటే, మనం వాడే పంచదార దొరికిందంటే ఆమ్లం చేయడమే కాకుండా, అందులో కొంత భాగంతో జిగురు తయారు చేసి ఆ జిగురుతో పన్నుకు అతుక్కుపోతుంది. నీళ్లు పోసి పుక్కిలిస్తే పోయే జిగురు కాదు అది. మిగతా రకాలు చచ్చిపోయే పులుపులో కూడా ఇది హాయిగా బతుకుతుంది. కాబట్టి నోరు ఎంత ఎక్కువసేపు పులుపుగా ఉంటే, మంచి రకాలు అంత తగ్గి, మ్యుటాన్స్, దాని వెనకే లాక్టోబాసిల్లస్ అనే ఇంకో ఆమ్లం చేసే రకం అంత పెరుగుతాయి. ఇది ఒక్కటే దొంగ అని కూడా అనుకోకండి. చిన్నపిల్లల్లో పళ్లు దారుణంగా పుచ్చిన చోట స్కార్డోవియా అనే ఇంకో రకం, క్యాండిడా అనే ఫంగస్ కూడా కనిపిస్తాయి. ఇన్నాళ్లూ చిగుళ్ల జబ్బు ఖాతాలో వేసిన సెలెనోమోనాస్ స్పుటిజెనా అనేది మ్యుటాన్స్ చుట్టూ గూడు కట్టి ఆమ్లాన్ని ఇంకా పెంచుతోందని 2023లో ఒక అమెరికన్ పరిశోధన బయటపెట్టింది. ఒక్కదాన్ని పట్టుకుని చంపే మందు కోసం చూడటం ఎందుకు దండగో అర్థమయ్యే ఉంటుంది.

చంపే ప్రయత్నాలు జరగలేదని కాదు. యాంటీబయాటిక్ వాడితే కొన్నాళ్లు తగ్గి, మందు ఆపగానే మళ్లీ అవే వచ్చి చేరతాయి, ఈలోగా కడుపులో ఉండాల్సిన మంచి బ్యాక్టీరియా కూడా పోతుంది. చీము పట్టి ముఖం వాచి జ్వరం వస్తే అప్పుడు యాంటీబయాటిక్ రాస్తాం, పుచ్చును ఆపడానికి కాదు. క్లోర్‌హెక్సిడిన్ మౌత్‌వాష్ పెద్దవాళ్ల చిగుళ్లకు పనికొస్తుంది కానీ, మూడేళ్లలోపు బిడ్డ ఉమ్మలేడు, మింగేస్తాడు. పైగా పళ్లకు మరక పడుతుంది, పాచి లోపలి పొరల్లోకి సరిగా దిగదు కూడా. ఇక పన్నులో పురుగు ఉందని వాకుడు గింజల పొగ పట్టించేవాళ్లు మన పల్లెల్లో ఇంకా ఉన్నారు. పొగ పట్టాక ఆకు మీద తెల్లగా రాలినవాటిని చూపించి ఇవే పురుగులంటారు. అవి గింజల్లోంచి ఊడిపడిన తునకలు. బిడ్డ నోరు కాలడం తప్ప ఇంకేం జరగదు, దయచేసి వెళ్లకండి.

మీ బాబుకు పైవే ఎందుకు పోయాయి, కిందివి ఎందుకు మిగిలాయి అన్నారు. అదే మొత్తం కథ చెప్పేస్తోంది. బిడ్డ సీసా చీకేటప్పుడు నాలుక ముందుకొచ్చి కింది పళ్లను కప్పేస్తుంది. లాలాజలం ఊరే గ్రంథులు కొన్ని నాలుక కిందే తెరుచుకుంటాయి, కాబట్టి కింది పళ్లు ఎప్పుడూ కడిగినట్టే ఉంటాయి. పై పళ్ల వెనకా పెదవి కిందా పాలు నిలిచిపోతాయి. పైగా నిద్రలో లాలాజలం బాగా తగ్గిపోతుంది, పగలు పుచ్చును ఆపే పని అంతా చేసేది అదే. పాలలో చక్కెర వేస్తున్నారా అని మీరు రాయలేదు కానీ, మన ఇళ్లలో వేయకుండా సీసా నింపేవాళ్లను నేను పెద్దగా చూడలేదు. చక్కెరో, బూస్టో, హార్లిక్సో ఏదో ఒకటి పడుతుంది. పాలపళ్ల ఎనామిల్ శాశ్వత పళ్ల ఎనామిల్‌లో సుమారు సగం మందమే ఉంటుంది, అందుకే పెద్దవాళ్లకు ఏళ్లు పట్టేది వీళ్లకు నెలల్లో అయిపోతుంది. తేనె అద్దిన తేనెపీక, రాత్రి పడుకోబోయే ముందు పోసే తీపి దగ్గు సిరప్, ఇవీ అదే పని చేస్తాయి. సిరప్ తాగించాక రెండు గుటకల నీళ్లు తాగించండి.

తల్లిపాలు మాన్పించాలా అని వెంటనే కొందరు అడుగుతారు. ఏడాదిలోపు అస్సలు భయం లేదు, ఇవ్వండి. ఏడాది దాటి పళ్లు వచ్చాక, రాత్రంతా రొమ్ము నోట్లోనే ఉంచుకుని నిద్రపోయే అలవాటు ఉంటే మాత్రం జాగ్రత్త పడాలి, మిగతా తిండిలో చక్కెర ఉంటే ఇంకా జాగ్రత్త పడాలి.

ఇంకో మాట, బెల్లం. చిత్తూరు బెల్లం ఎంత మంచిదైనా, మన వైపు చెరకు పండించే రైతు మీద ఎంత గౌరవం ఉన్నా, బ్యాక్టీరియాకు బెల్లం కూడా చక్కెరే. చక్కెర మానేసి రాగిజావలో బెల్లమే వేస్తున్నామండీ అని తల్లులు గర్వంగా చెప్తారు. ఐరన్ కాస్త దొరుకుతుందేమో గానీ పంటికి తేడా లేదు. మామిడి తాండ్ర, ఖర్జూరం అయితే ఇంకా అతుక్కుంటాయి. స్వీడన్‌లో 1945–53 మధ్య విపెహోల్మ్ అనే చోట మేధో వైకల్యం ఉన్నవాళ్ల ఆసుపత్రిలో, అక్కడి రోగులకే రకరకాలుగా తీపి తినిపించి పళ్లు ఎలా పుచ్చుతాయో చూసే ప్రయోగం చేశారు. ఇప్పుడు అలాంటిది చేస్తే జైలుకు పంపుతారు, పంపాలి కూడా. ఆ పాపంలోంచి బయటపడ్డ నిజం ఏమిటంటే, భోజనంతో పాటు తిన్న చక్కెర వల్ల పుచ్చు పెద్దగా పెరగలేదు, భోజనానికీ భోజనానికీ మధ్య బంకలా సాగే మిఠాయిలు తిన్నవాళ్లకు మాత్రం విపరీతంగా పెరిగింది.

అందుకే తిరుపతిలో ఉండి లడ్డూ పెట్టొద్దని నేను ఎవరికీ చెప్పను, చెప్పినా వినరు. మన ఇళ్లలో లడ్డూ డబ్బా ఖాళీ అవదు, చుట్టాలు కొండ దిగి వచ్చిన ప్రతిసారీ నిండుతుంది. అన్నం తిన్న వెంటనే ఒక ముక్క పెట్టి నీళ్లు తాగించండి, అయిపోయింది. అదే ముక్కను బాబు చేతిలో పెట్టి పొద్దంతా చప్పరించనివ్వడమే ప్రమాదం. డబ్బా జ్యూస్ స్ట్రాతో బస్సు ఎక్కిన దగ్గర్నుంచి దిగేదాకా పీల్చడమూ అంతే.

స్పూన్ విషయంలో మీరు పడుతున్న టెన్షన్ చూస్తే బాధేసింది. మ్యుటాన్స్ బిడ్డకు ఎక్కువగా తల్లి నుంచే వస్తుంది, తండ్రి, అవ్వ, తాత, అన్నల నుంచి కూడా వస్తుంది, ఇది నిజం. రెండేళ్ల వయసు చుట్టుపక్కల బాగా అంటుకుంటుందని 1993లో ఒక పరిశోధన చెప్పింది, ఇంకా ముందే రావచ్చని తర్వాతివి చెప్పాయి. కానీ ముద్దు పెట్టకుండా, ఎంగిలి తగలకుండా బిడ్డను పెంచే ఇల్లు ఎక్కడుంది? ఒకే కంచంలో తిన్న ఇద్దరు పిల్లల్లో ఒకరికి పుచ్చి ఒకరికి పుచ్చకపోవడం నేను తరచూ చూస్తాను, అడిగితే తేడా సీసా దగ్గరో బ్రష్ దగ్గరో తేలుతుంది. అత్తమ్మ ముద్ద నమిలి పెట్టడం మాన్పించండి, వేరే జబ్బులకైనా మంచిది. అంతకుమించి ఎవరి వల్ల వచ్చిందని ఇంట్లో పంచాయితీ పెట్టుకోకండి.

ఇప్పుడు చేయాల్సింది. రాత్రి సీసాను ఒక్కరోజులో లాక్కుంటే ఇల్లంతా జాగారం. ఈ రాత్రి చక్కెర మానేయండి, తర్వాత రెండు మూడు రాత్రులకోసారి పాలు కొంచెం తగ్గించి నీళ్లు పెంచుతూ రండి, చివరికి సీసాలో మంచినీళ్లే ఉంటాయి, దాని మీద వాడికే మోజు పోతుంది. ఆకలి తీరే పాలు పడుకోవడానికి ముందు గ్లాసుతో ఇచ్చి, అప్పుడు బ్రష్ చేయండి. బ్రష్ తర్వాత నీళ్లు తప్ప ఏదీ వద్దు.

బ్రష్ మీరే చేయాలి. వాడి చేతికిస్తే బ్రష్‌ను నములుతాడు, అంతే. నేల మీద కూర్చుని బాబు తల మీ ఒడిలో పెట్టుకోండి, ముఖం పైకి ఉండాలి. ఎడమచేతి చూపుడువేలితో పై పెదవిని ఎత్తండి, పెదవి మధ్యలో చిగురుకు అతికి ఉన్న చిన్న నరంలాంటి తీగ ఉంటుంది, దానికి బ్రష్ తగిలితేనే పిల్లలు ఏడ్చేది, వేలితో దాన్ని కప్పండి. చిగురు, పన్ను కలిసే గీత మీద మెత్తని బ్రష్‌ను చిన్నగా గుండ్రంగా తిప్పండి. పెదవి ఎత్తినప్పుడే పరీక్ష కూడా అయిపోతుంది. పన్నును పలచటి గుడ్డతో తుడిచి ఆరనివ్వండి, చిగురు పక్కన సుద్దముక్కతో గీసినట్టు తెల్లని గీత కనిపిస్తే అదే పుచ్చుకు మొదటి మెట్టు. అప్పటికి గుంట పడలేదు, ఫ్లోరైడ్‌తో వెనక్కి తిప్పొచ్చు. గోధుమరంగు, మెత్తదనం వచ్చాక వెనక్కి రాదు, ఆపగలం అంతే. ఐరన్ డ్రాప్స్ వల్ల కూడా పళ్లు నల్లబడతాయి, కానీ అది పైమరక, పన్ను నున్నగా గట్టిగా ఉంటుంది. మీరు చెప్పిన అంచులు రాలడం అది కాదు. ఏడెనిమిదేళ్లు వచ్చేదాకా ఈ పని పెద్దవాళ్లదే.

పేస్టు దగ్గర చాలామంది తప్పు సలహా విని వస్తారు, పిల్లలకు ఫ్లోరైడ్ లేనిదే వాడాలని. మీరు ఫ్లోరైడ్ 1000 పీపీఎం ఉన్న పేస్టే కొనండి, ట్యూబు వెనక రాసి ఉంటుంది. మూడేళ్లలోపు బియ్యపు గింజంత, మూడు దాటాక బఠాణీ గింజంత, పొద్దున ఒకసారి, రాత్రి ఒకసారి. ఉమ్మడం వచ్చాక ఉమ్మించండి, నీళ్లతో కడిగేయకండి. నల్గొండ, కనిగిరి ఫ్లోరైడ్ బాధితుల ఫొటోలు చూసి భయపడతారు, మన దగ్గర కూడా పడమటి మండలాల్లో కొన్ని చోట్ల బోరు నీళ్లలో ఎక్కువే ఉంటుంది. కానీ లెక్క చూడండి. బియ్యపు గింజంత పేస్టు మొత్తం మింగేసినా దాదాపు 0.1 మిల్లీగ్రాము ఫ్లోరైడే, తాగేనీళ్లలో గరిష్ఠంగా అనుమతించేది లీటరుకు 1.5 మిల్లీగ్రాములు. మీది బోరు నీళ్లయితే ముందు నీళ్లు పరీక్ష చేయించండి, పేస్టు మానేయకండి. ఫ్లోరైడ్ పన్నును గట్టిపరచడమే కాదు, బ్యాక్టీరియా ఆమ్లం చేసే పనికి కూడా కొంత అడ్డు తగులుతుంది. వేపపుల్ల మనకు బాగుంటుంది, మూడేళ్ల బిడ్డకు కాదు.

పాలపళ్లే కదా అన్న మాట మీ అత్తమ్మ ఒక్కరే కాదు, చదువుకున్నవాళ్లూ అంటారు. ముందు పళ్లు ఆరు ఏడేళ్లకు ఊడతాయి సరే, వెనక దవడ పళ్లు పది పన్నెండేళ్ల దాకా ఉండాలి. అవి ముందే పోతే పక్కవి జరిగి, కింద నుంచి రావాల్సిన పన్నుకు చోటు ఉండదు. వేరు కింద చీము పడితే లోపల తయారవుతున్న శాశ్వత పన్ను ఎనామిల్ దెబ్బతినొచ్చు. నొప్పికి నమలలేక బిడ్డ బరువు తగ్గుతాడు, నిద్ర ఉండదు. ఆరేళ్లకు చివరి పాలపన్ను వెనక ఒక పెద్ద దవడ పన్ను వస్తుంది, ఏదీ ఊడకుండా వస్తుంది కాబట్టి దాన్ని కూడా పాలపన్నే అనుకుంటారు. అది జీవితాంతం ఉండాల్సింది. పుచ్చిన పాలపళ్ల మధ్యకు వచ్చిందంటే దాని గతీ అంతే.

మీ బాబు పళ్లకు దారులు ఉన్నాయి. పుచ్చు నరం దాకా వెళ్లకపోతే 38 శాతం సిల్వర్ డయమీన్ ఫ్లోరైడ్ అనే ద్రవం అద్దుతారు, మిషన్ లేదు, సూది లేదు. పుచ్చు ఆగిపోతుంది కానీ ఆ చోటు నల్లగా మిగిలిపోతుంది, ముందే చెప్పి ఒప్పుకున్నాకే వేస్తాం. 2021లో ప్రపంచ ఆరోగ్య సంస్థ దీన్ని అత్యావశ్యక మందుల జాబితాలో చేర్చింది. కొంచెం పెద్దయ్యాక దాని మీద తెల్ల సిమెంటో క్యాపో వేయించుకోవచ్చు. నరం పోయి చీము గడ్డ కట్టి ఉంటే రూట్ కెనాల్ లాంటిది చేయాలి, లేదా తీసేయాలి. వెనక దవడ పళ్లకు స్కాట్లాండ్‌లో హాల్ అనే డాక్టరమ్మ పేరుతో వచ్చిన పద్ధతి ఉంది, పుచ్చును గీకకుండానే పైన స్టీలు క్యాప్ గట్టిగా బిగించేస్తారు. బ్యాక్టీరియాను లోపలే పెట్టి మూసేస్తారా అని తల్లిదండ్రులు కంగారుపడతారు. అవునండీ, లోపలే ఉంటాయి. పైనుంచి చక్కెర అందక అవి నీరసించి, పుచ్చు అక్కడితో ఆగుతుంది. నేను మొదట్నుంచీ చెప్తున్నది ఇదే. ఖర్చు ఇబ్బందైతే తిరుపతి రుయా ప్రభుత్వ ఆసుపత్రి దంత విభాగంలో చూపించండి, పెద్ద పని అయితే కడప ప్రభుత్వ దంత వైద్య కళాశాల ఉంది. అంగన్‌వాడీకి వచ్చే బాల స్వాస్థ్య కార్యక్రమం వైద్య బృందం కూడా పిల్లల పళ్లు చూసి పైకి పంపుతుంది, అడగండి.

రెండో బిడ్డ సంగతి. ముందు మీ నోరు చూపించుకోండి, పుచ్చులు ఉంటే కాన్పుకు ముందే సిమెంట్ వేయించుకోండి, నాలుగో నెల నుంచి ఆరో నెల మధ్య సౌకర్యంగా ఉంటుంది. గర్భిణులు పళ్ల పని చేయించుకోకూడదన్నది ఉత్త భయం, గర్భం సంగతి మాత్రం డాక్టరుకు ముందే చెప్పండి. ఫిన్లాండ్‌లో తల్లులు జైలిటాల్ (చక్కెర బదులు వాడే తీపి పదార్థం) ఉన్న చూయింగ్ గమ్ నమిలితే పిల్లలకు మ్యుటాన్స్ అంటుకోవడం తగ్గింది, మన దగ్గర మెడికల్ షాపుల్లో దొరికితే వాడొచ్చు, లేకపోయినా ఫర్వాలేదు. బిడ్డకు ఆరో నెల చుట్టుపక్కల మొదటి పన్ను కనబడిన రోజే బ్రష్ మొదలుపెట్టి, ఏడాది నిండేలోపు ఒకసారి డెంటిస్టుకు చూపించండి. ఈ లోపల బాబు పై పళ్ల ఫొటో, పెదవి ఎత్తి వెలుతురులో తీసింది, ఇక్కడ పెట్టండి. చిగురు మీద మొటిమలాంటి పొక్కు ఏదైనా ఉందా, రాత్రి నొప్పితో లేస్తున్నాడా అన్నది కూడా రాయండి. ఆ రెంటిలో ఏది ఉన్నా నా జవాబు కోసం ఆగకుండా రేపే తీసుకెళ్లండి.